పింక్ ఫ్లాయిడ్ 'ఫియర్‌లెస్' వినడం ఎలా: ఎవరూ ఆగని మూడో పాట దగ్గర ఒక వారం

లండన్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ పేరు చెప్పగానే మనవాళ్ళలో చాలామందికి ముందు గుర్తొచ్చేది పాట కాదు, ప్రిజం బొమ్మ వేసిన నల్ల టీషర్టు. కాస్త లోపలికి వెళ్ళినవాళ్ళు 1971 నాటి 'మెడిల్' ఆల్బమ్ గురించి, అందులోని 23 నిమిషాల 'ఎకోస్' గురించి చెప్తారు, రాత్రి లైట్లార్పేసి వినమంటారు. నిజమే, వినాల్సిందే. కానీ అదే ఆల్బమ్‌లో, రికార్డుకి ఇవతలి వైపు, మూడో పాటగా 'ఫియర్‌లెస్' అని ఒకటుంది. ఆరు నిమిషాల ఎనిమిది సెకన్లు. దాని దగ్గర ఎవరూ ఆగరు. నేనూ చాలాకాలం ఆగలేదు.

ఆగకపోవడం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు, ఇంకా ఘోరం చేశాను. హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో బస్సెక్కి కూర్చుని, అది ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ, చవక ఇయర్‌ఫోన్స్‌లో మొదటిసారి ఈ పాట విన్నాను. చివర్లో వేలమంది గొంతులు కలిపి పాడుతున్న శబ్దం వస్తే, బయట ఎవరో ధర్నా చేస్తున్నారనుకుని కిటికీలోంచి తొంగి చూశాను కూడా. ఆ జనం పాటలోనే ఉన్నారని తెలియడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళు మీకు మిగిలిపోవాలని ఇది రాస్తున్నా. వారం రోజులు, రోజుకి పావుగంట చాలు. గిటార్ ఉన్నవాళ్ళకి చివర్లో ఇంకొంచెం పని ఉంది.

ముందు, ఇది ఎందుకు మరుగున పడిందో తెలుసుకోండి

పాట బాగోలేక కాదు, అది కూర్చున్న చోటు అలాంటిది. 'మెడిల్' మొదటి వైపున ఐదు పాటలు, మొత్తం కలిపితే దాదాపు 23 నిమిషాలు. రెండో వైపున ఒక్కటే పాట, అదీ దాదాపు అంతే. అంటే 'ఎకోస్' ఒక్కటీ తక్కెడలో ఒకవైపు కూర్చుంటే, మిగతా ఐదూ కలిసి రెండోవైపు కూర్చున్నాయన్నమాట. ఆ ఐదింటిలో మొదటిది 'వన్ ఆఫ్ దీజ్ డేస్', రెండు బేస్ గిటార్లు ఎకో యంత్రంలోంచి దడదడలాడుతూ వచ్చే వాయిద్యం. అది విన్నాక గుండె దడ తగ్గడానికి 'ఎ పిల్లో ఆఫ్ విండ్స్' అనే మెత్తటి పాట. మూడోది మనది. నాలుగోది సరదాగా సాగే 'సాన్ ట్రోపే'. ఐదోది 'షేమస్', అందులో నిజంగానే ఒక కుక్క బ్లూస్‌కి తగ్గట్టు ఊళపెడుతుంది. (ఆ కుక్క స్టీవ్ మారియట్ అనే ఇంకో రాక్ గాయకుడిది, కొన్నాళ్ళు పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మర్ దగ్గర ఉంది.) ఇలా మొదట్లో గర్జన, చివర్లో కుక్క, అవతలి వైపు మహాకావ్యం ఉంటే, మధ్యలో నెమ్మదిగా నడిచే పాటని ఎవరు పట్టించుకుంటారు?

పైగా అమెరికాలో 'వన్ ఆఫ్ దీజ్ డేస్' సింగిల్‌గా వచ్చినప్పుడు ఇది వెనకవైపు పాటగా వెళ్ళింది. 2001లో వచ్చిన పెద్ద 'బెస్ట్ ఆఫ్' సంకలనానికి 'ఎకోస్' అనే పేరు పెట్టి, ఆ పాటని కొంత కత్తిరించి మరీ చేర్చారు గానీ దీనికి మాత్రం చోటు ఇవ్వలేదు. 1983 నాటి 'వర్క్స్' అనే సంకలనంలో మాత్రం ఉంది. 'మెడిల్' వచ్చిన రెండేళ్ళకే, 1973లో, ప్రిజం బొమ్మ ఆల్బమ్ 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' వచ్చింది, ఇక 'మెడిల్' మొత్తమే దాని ముందు మెట్టుగా మిగిలిపోయింది.

వినే ముందు ఫోన్‌ని సరిచేయండి

ఇది విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని వదిలేస్తే మిగతాదంతా వృథా. షఫుల్ ఆపేయండి. ఈక్వలైజర్‌లో 'బేస్ బూస్ట్' లాంటివి ఏమున్నా తీసేయండి, ఎందుకంటే మన ఫోన్లలో ఆ సెట్టింగ్ ఎవరో ఒకరు ఎప్పుడో పెట్టేసి ఉంటారు, మనకి గుర్తు కూడా ఉండదు. ఒక పాట తోక మీద ఇంకో పాట తల పెట్టే 'క్రాస్‌ఫేడ్' ఉంటే దాన్ని సున్నాకి దించండి. ఈ పాటకి తోకే ప్రాణం, దాని మీద 'సాన్ ట్రోపే' వచ్చి పడకూడదు. కానీ పాటల మధ్య ఖాళీ లేకుండా చేసే 'గ్యాప్‌లెస్' ఆన్‌లోనే ఉంచండి, మొదటి పాట చివరి గాలి హోరు రెండో పాటలోకి సాగిపోతుంది కాబట్టి. వాల్యూమ్‌ని అన్ని పాటలకీ ఒకేలా చేసే ఆప్షన్ కూడా ఈ వారానికి ఆపేయండి.

ఆల్బమ్‌లోని పూర్తి పాటే తీసుకోండి. నిడివి 6:08కి దగ్గర్లో లేకపోతే ఎవరో తోక కోసేశారని అర్థం. హెడ్‌ఫోన్స్ ఖరీదైనవి అక్కర్లేదు, చెవుల్ని పూర్తిగా కప్పేవి అయితే చాలు. బస్సులో, బండి మీద వద్దు. నా కథ చెప్పాను కదా.

మొదటి రోజు: ఏమీ చేయకుండా వినండి

పాట గురించి ఏమీ వెతకొద్దు, సాహిత్యం తెరవొద్దు. (ఇక్కడిదాకా చదివేశారు కాబట్టి జనం సంగతి తెలిసిపోయింది, దానికి నేనేం చేయలేను.) మొదటి వైపు ఐదు పాటలూ వరసగా వినండి. ఈ ఒక్కరోజుకీ పావుగంట చాలదు, 23 నిమిషాలు పడుతుంది. మొదటి పాట హడావిడి తర్వాత మూడోదానికి వచ్చేసరికి మీ ఊపిరి ఎలా ఉందో గమనించండి. ఆల్బమ్ పాటని విడిగా వింటే పోయేది ఇదే. ముందున్న పాట మనల్ని ఎక్కడ దింపి వెళ్ళిందో, అక్కడినుంచే ఇది మొదలవుతుంది.

అయిపోయాక కాగితం మీద మూడు మాటలు రాసుకోండి. నేను మొదటిసారి రాసుకున్నవి: నడక, ఎండ, చివర్లో గోల. వారం తర్వాత చూసుకుంటే నవ్వొచ్చింది గానీ తప్పేమీ లేదనిపించింది.

రెండో రోజు: గిటార్ వెంట మాత్రమే వెళ్ళండి

ఇప్పుడు ఒక్క పాటే, రెండుసార్లు. మొత్తం వినకండి, అకూస్టిక్ గిటార్ ఒక్కదాని వేలు పట్టుకుని నడవండి. జాతరలో చిన్నపిల్లాణ్ణి చూసుకున్నట్టు, చుట్టూ ఎన్ని ఉన్నా చూపు వాడి మీదే.

ఆ గిటార్ ఒక వరసని కింది స్వరం నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కుతూ పైకి వెళ్తుంది. చరణాల మధ్య మళ్ళీ అదే, మళ్ళీ ఎక్కడం. తొందర ఉండదు. కొండ ఎక్కే మనిషి రొప్పకుండా ఎలా ఎక్కుతాడో అలా ఉంటుంది. అది కొండ అని మీకు రేపో ఎల్లుండో తెలుస్తుంది, ఇవాళ మాత్రం ఎక్కుతున్నట్టు అనిపిస్తే చాలు. అనిపించకపోతే స్వరం పెరిగినప్పుడల్లా అరచేతిని కొంచెం పైకి లేపుతూ వినండి. ఇంట్లోవాళ్ళు చూస్తే ఏదోలా ఉంటుంది, తలుపేసుకోండి.

ఈ గిటార్ తీగలు మామూలు శృతిలో లేవు. అది గిటారిస్టు గిల్మర్ కాదు, బేస్ వాయించే రోజర్ వాటర్స్ పెట్టిన శృతి. దాన్ని అతనికి 1960ల్లో నేర్పింది సిడ్ బారెట్, ఈ బృందానికి మొదటి నాయకుడు, మానసికంగా దెబ్బతిని 1968లో బృందానికి దూరమైనవాడు. 'మెడిల్' వచ్చేనాటికి బారెట్ బృందంలో లేడు, అతను నేర్పిన శృతి మాత్రం ఉంది. నాకు ఈ పాటలో అన్నిటికంటే ఎక్కువగా తగిలేది ఇదే.

మూడో రోజు: డ్రమ్స్, బేస్

దీని గురించి పెద్దగా చెప్పను. నిక్ మేసన్ ఇక్కడ తన పనితనం చూపించడు, అదే ఇక్కడి పనితనం. తొడ మీద తాళం వేస్తూ ఒకసారి వినండి, బేస్‌తో పాటు పెదాలు మూసి కూనిరాగం తీస్తూ ఇంకోసారి వినండి. చాలు.

నాలుగో రోజు: గొంతు, మాటలు

పాడింది డేవిడ్ గిల్మర్. గొంతు పెంచడు, పక్కన కూర్చుని చెప్తున్నట్టు పాడతాడు. పాట రాసింది వాటర్స్, గిల్మర్ ఇద్దరూ కలిసి. ముందు కళ్ళు మూసుకుని ఒకసారి విని, అప్పుడు సాహిత్యం తెరిచి ఇంకోసారి వినండి. ఉన్నవి రెండే చరణాలు.

మొదటి చరణంలో ఎవరో అంటారు, ఆ కొండ మరీ నిటారుగా ఉంది, ఎక్కలేవు అని. దానికి ఇతను, చోటు నువ్వు చెప్పు, సమయం నేను చెప్తా, నా పద్ధతిలో నేనెక్కుతా అంటాడు. సరైన రోజు కోసం కాస్త ఆగుతాడు. చెట్లు పెరగని ఎత్తు దాటి, మబ్బులు దాటి, పైనుంచి కిందికి చూస్తాడు, అక్కడ అతనికి వినిపించేది ఎదుటివాడు ఇవాళ అన్న మాటలే.

రెండో చరణంలో దృశ్యం మారిపోతుంది. ఒక పిచ్చివాడు భయం లేకుండా జనం ఎదుట నవ్వుతూ నిలబడ్డాడు, దయలేని న్యాయాధికారి మొహం చిట్లించాడు, ఇంతకీ కిరీటం పెట్టుకున్న మూర్ఖుడెవరు అని ప్రశ్న. ఇక్కడ రెండు విషయాలు పట్టుకోండి. మొదటి చరణంలో 'నేను' ఎక్కాడు, రెండో చరణంలో అది 'నువ్వు' అయింది. మొదట్లో సరైన రోజు కోసం ఆగమన్నవాడు, ఇప్పుడు ప్రతిరోజూ సరైన రోజే అంటాడు. మొదట్లో దాటింది 'ట్రీ లైన్', ఇప్పుడు దాటేది 'ఫియర్ లైన్స్', అంటే భయపు గీతలు. ఒకే ప్రాసతో కొండని తీసుకొచ్చి మొహం మీద పెట్టాడు. (రెండన్నాను, మూడయ్యాయి.) చివరికి పైనుంచి చూస్తే వినిపించేది జనంలోని మొహాల శబ్దం. మొహాలకి శబ్దం ఏమిటి అని నేను చాలారోజులు అనుకున్నా.

ఈ పిచ్చివాడు సిడ్ బారెట్టే అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ బృందం పాటల్లో పిచ్చివాడు అనే మాట ఎక్కడ కనపడినా అభిమానులు అక్కడ బారెట్ ఫొటో పెట్టేస్తారు. నా సలహా, మొదటి వారంలో ఆ పని చేయకండి. ఒక మనిషి కథకి కట్టేస్తే పాట చిన్నదైపోతుంది.

ఐదో రోజు: జనం

ఇవాళ్టి కోసమే ఇంత నడిపించాను.

వాల్యూమ్ కాస్త పెంచి పాట మొదలు మళ్ళీ వినండి. మొదట్లోనే, వాయిద్యాల వెనకాల, దూరంగా జనం ఉన్నారు. మొదటి రోజు మీకు వినిపించి ఉండదు. తర్వాత పాట మొత్తం నడిచి, రెండో చరణం జనం మొహాల మాటతో ముగిసి, గిటార్ తన మెట్లు ఎక్కుతూ ఉండగా, మెల్లగా ఆ జనం పెరుగుతారు. ఆఖరికి వాయిద్యాలు పోయి జనమే మిగులుతారు. మొహాల శబ్దం అంటే ఏమిటో అప్పుడు అర్థమవుతుంది, మాటల్లో చెప్పి ఊరుకోకుండా ఆ శబ్దాన్నే తెచ్చి వినిపించారు.

ఆ జనం లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ అభిమానులు, ఆన్‌ఫీల్డ్ మైదానంలో 'కాప్' అనే గట్టు మీద నిలబడి పాడేవాళ్ళు. పాడుతున్నది 'యూ విల్ నెవర్ వాక్ అలోన్'. అది అసలు ఫుట్‌బాల్ పాట కాదు, 1945లో అమెరికాలో రాడ్జర్స్, హామర్‌స్టైన్ 'కారౌసెల్' అనే సంగీత నాటకం కోసం రాసింది. 1963లో లివర్‌పూల్ కుర్రాళ్ళ బృందం జెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్ దాన్ని పాడితే బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, అక్కడినుంచి కాప్ దాన్ని సొంతం చేసుకుంది. మరి దాన్ని పాటలో పెట్టుకున్న వాటర్స్ ఎవరి అభిమాని? ఆర్సెనల్. ఆల్బమ్ తయారవుతున్న 1971లోనే, మే నెలలో, ఎఫ్ఏ కప్ ఫైనల్లో ఆర్సెనల్ లివర్‌పూల్‌ని 2-1తో ఓడించింది. గెలిచిన జట్టు అభిమాని, ఓడిన జట్టు జనం చేత తన పాట ముగించాడన్నమాట.

ఇప్పుడు కాప్ అనే పేరు సంగతి. దక్షిణాఫ్రికాలో నేటాల్‌లో స్పియాన్ కాప్ అనే కొండ ఉంది. 1900 జనవరిలో బోయర్లతో (అక్కడ స్థిరపడ్డ డచ్ సంతతివాళ్ళతో) జరిగిన యుద్ధంలో దాని మీద బ్రిటిష్ సైనికులు వందల సంఖ్యలో చనిపోయారు, వాళ్ళలో లివర్‌పూల్ పరిసరాల లాంకషైర్ దళాలవాళ్ళు చాలామంది. ఆ జ్ఞాపకంతోనే 1906లో ఆన్‌ఫీల్డ్ గట్టుకి ఆ పేరు పెట్టారు. అంటే కొండ ఎక్కడం గురించి రాసిన పాట, కొండ పేరు పెట్టుకున్న గట్టు మీద జనంతో ముగుస్తోంది. వాళ్ళు అనుకుని చేసినా, అనుకోకుండా చేసినా నాకు ఒకటే. ఇది తెలిసిన రోజు పాట మూడుసార్లు విన్నాను.

ఇక్కడ పక్కదారి పడతాను, క్షమించండి. ఆ స్పియాన్ కాప్ యుద్ధంలో గాయపడ్డవాళ్ళని స్ట్రెచర్ల మీద మోసినవాళ్ళలో గాంధీ ఉన్నాడు. ఆయన కూడగట్టిన ఇండియన్ అంబులెన్స్ దళంలో 1,100 మంది, వాళ్ళలో ఎక్కువమంది చెరకు తోటల ఒప్పంద కూలీలు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాల్ చేరిన ఆ కూలీ జనంలో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు, వాళ్ళ వారసులు ఇప్పటికీ డర్బన్ చుట్టుపక్కల ఉన్నారు. లండన్ రాక్ బృందం పాటలోంచి ఇంత దూరం వస్తానని నేనూ అనుకోలేదు.

ఇంకొకటి. 1989లో హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాట 97 మంది లివర్‌పూల్ అభిమానుల్ని బలి తీసుకుంది. ఆ తర్వాత జనం నిలబడే గట్లు మారిపోయాయి, 1994లో కాప్‌లో నిలబడే చోటు తీసేసి కుర్చీలు వేశారు. కాబట్టి 'ఫియర్‌లెస్'లో మీరు వింటున్నది ఇప్పుడు లేని చోటు, ఆ విషాదం ఇంకా తెలియని జనం. వాళ్ళు వాళ్ళ నడకలో పాడుతుంటారు, చివరికి గుహలోంచి వచ్చినట్టు ప్రతిధ్వనిస్తూ మాయమైపోతారు.

ఆరో రోజు: ఏమీ వద్దు

నిజంగానే వద్దు. ఒక రోజు చెవికి విరామం ఇవ్వండి. గిటార్ మెట్లు వాటంతటవే మనసులో తిరుగుతుంటే పని జరుగుతున్నట్టే.

ఏడో రోజు: గిటార్ ఉన్నవాళ్ళకి

లేనివాళ్ళు ఈ రోజు మళ్ళీ మొదటి వైపు మొత్తం వినేసి, ఆ మూడు మాటల కాగితం తీసి చూసుకోండి. ఉన్నవాళ్ళు ట్యూనర్ పట్టుకుని కూర్చోండి.

మామూలు శృతి లావు తీగ నుంచి సన్న తీగకి ఇ, ఏ, డి, జి, బి, ఇ. ఈ పాటకి కావాల్సింది జి, జి, డి, జి, బి, బి. మన లెక్కలో చెప్పుకుంటే జి ని షడ్జమం అనుకోండి, తీగలు స, స, ప, స, గ, గ అవుతాయి, గ అంతర గాంధారం. తంబురా శృతి చేసిన చేయి ఉన్నవాళ్ళకి ఇది వెంటనే వంటబడుతుంది, ఏమీ నొక్కకుండా అన్ని తీగలూ మీటితే నిండుగా మోగుతుంది.

ఇప్పుడు జాగ్రత్త. నాలుగు, మూడు, రెండో తీగలని కదపక్కర్లేదు. ఐదో తీగని ఏ నుంచి జి కి దించడం తేలిక. కానీ ఆరో తీగని ఇ నుంచి జి కి, అంటే మూడు అరస్వరాలు పైకి లాగాలి. లెక్క వేస్తే దాని మీద బిగువు సుమారు 41 శాతం పెరుగుతుంది. నేను లెక్క వేయకుండా లాగాను, తీగ తెగి మణికట్టు మీద చర్నాకోలలా తగిలింది, వారం రోజులు చార కనపడింది. మరోవైపు ఒకటో తీగని ఇ నుంచి బి కి దించితే అది లొడలొడలాడుతుంది, ఫ్రెట్లకి తగిలి జిర్రుమంటుంది.

దానికి చవకైన మందు ఉంది. దుకాణంలో విడి తీగలు అడిగి ఇంకో ఐదో తీగ, ఇంకో రెండో తీగ కొనండి. ఆరో తీగ స్థానంలో ఆ ఐదో తీగ కట్టి జి కి దించండి, ఒకటో తీగ స్థానంలో ఆ రెండో తీగ కట్టి బి లోనే ఉంచండి. ఇక దేన్నీ పైకి లాగే పనే లేదు. నట్ గాడి కాస్త వెడల్పుగా ఉండి ఆరో తీగ కదిలితే చిన్న కాగితం ముక్క పెట్టండి, ఈ ఒక్క పాటకి అది సరిపోతుంది.

తర్వాత చూపుడువేలుని అడ్డంగా పెట్టి ఒకే ఫ్రెట్‌లో అన్ని తీగలూ నొక్కితే అది పూర్తి మేజర్ కార్డ్. ఐదో ఫ్రెట్‌లో సి, ఏడులో డి, పన్నెండులో మళ్ళీ జి. ఇది చేతికి వచ్చాక పాట పెట్టుకుని ఆ ఎక్కే వరసని చెవితోనే వెతకండి, ఏ తీగ, ఏ ఫ్రెట్ అని రాసి ఉండే ట్యాబ్ వెంటనే చూడొద్దు. చుట్టూ మిగతా తీగలు ఖాళీగా మోగుతూ ఉండగా ఒక్క స్వరమే మెట్లెక్కాలి, అది గుర్తుంచుకుంటే దారి దొరుకుతుంది. నాకు రెండు సాయంత్రాలు పట్టింది, అందులో ఒకటి తీగ కొనుక్కురావడానికి.

ఇంకొకరికి వినిపించాలనుకుంటే

ముందే ఊరించకండి. 'చివర్లో ఒకటి వస్తుంది చూడు' అంటే వాళ్ళు పాట వినరు, ఆ ఒకటి ఎప్పుడొస్తుందా అని కాచుకుంటారు. లింక్ పంపడం అసలు వద్దు, ఎవరూ తెరవరు. ఎక్కడికైనా కలిసి వెళ్తున్నప్పుడు, వాళ్ళకి మాటలు అయిపోయినప్పుడు, ఏమీ చెప్పకుండా పెట్టండి.

నేను మా బావకి అలాగే వినిపించాను. రాత్రి పదకొండు దాటాక సూర్యాపేట దగ్గర, కారులో, అద్దాలన్నీ ఎత్తేసి. ఆయనకి ఇలాంటి పాటలంటే పెద్ద ఇష్టమేమీ లేదు, కానీ మధ్యలో మార్చమనలేదు, అదే ఎక్కువ. చివరి నిమిషంలో జనం మెల్లగా పైకి లేస్తుంటే సీట్లో నిటారుగా కూర్చుని, "ఏదో ఊరేగింపు వస్తున్నట్టుంది, అద్దం దించరా ఒకసారి" అన్నాడు.

దించాను. రోడ్డు ఖాళీగా ఉంది.